కాలవ వెంట అయిదు తరాలు: మా ఇంటి చరిత్ర ప్రాజెక్టు డైరీ

జనవరి, పండగ వెళ్ళాక

మా కుటుంబం తెనాలి దగ్గరి పల్లె నుంచి నిజాంసాగర్ ఆయకట్టుకు వచ్చి, వర్ని ప్రాంతంలో ఒక క్యాంపులో (వలస వచ్చిన రైతులు వేసుకున్న ఊళ్ళో) స్థిరపడింది. తర్వాత ఒక శాఖ తుంగభద్ర కాలవ కిందికి, ఇప్పటి కర్ణాటకలోని సింధనూరు వైపు వెళ్ళింది. ఇది ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. కానీ తెలిసినదంతా నోటిమాట. అది చెప్పగలిగినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఈ సంక్రాంతికి క్యాంపులో అందరం కలిసినప్పుడు నేనే అడిగాను, ఈ పని నాకు వదిలేయండి, వచ్చే సంక్రాంతికి పుస్తకంగా చేతిలో పెడతాను అని. మా అత్తయ్య (నాన్నగారి అక్క) వెంటనే లేచి లోపలి గదిలో రేకు ట్రంకు పెట్టె చూపించింది. తాళంచెవి దొరకలేదు, కమ్మరిని పిలిపించి కొట్టించాం.

పెట్టెలో ఉన్నవి: ఉర్దూలో రాసిన బైనామా (పొలం అమ్మకం దస్తావేజు) ఒకటి, శిస్తు రసీదులు ఒక కట్ట, మా ముత్తాత రాసిన పద్దు పుస్తకాలు, పెళ్ళి శుభలేఖలు, స్టూడియో ఫొటోలు, చక్కెర ఫ్యాక్టరీవాళ్ళు ఇచ్చిన చెరకు తూకం చీటీలు. అడుగున చెదలు తిన్న కాగితాలు కొన్ని.

మొదటి వారం చదవడం జోలికి పోలేదు. ముందు ఫొటో తీయడం, తర్వాతే చదవడం. పాత కాగితం మడత దగ్గర విరిగిపోతుంది, విప్పిన ప్రతిసారీ ఒక అక్షరం పోతుంది. ఫొటోలకు, బైనామాకు ఫ్లాట్‌బెడ్ స్కానర్ 600 డీపీఐలో, పద్దు పుస్తకాలకు ఫోన్. పద్దు పుస్తకాన్ని పూర్తిగా విప్పి స్కానర్ మీద బోర్లిస్తే కుట్టు ఊడుతుంది కాబట్టి సగం తెరిచి, రెండు వైపులా దిండ్లు పెట్టి, కిటికీ వెలుతురులో తీశాను. ఫ్లాష్ వాడలేదు. ఒక్కో ఫైలుకు పేరు పెట్టే పద్ధతి: ఎవరింట్లో దొరికింది, ఏ పెట్టె, ఎన్నో కాగితం. సంవత్సరం మాత్రం ఫైలు పేరులో పెట్టలేదు. అది తేలేది తర్వాతే. ఎందుకో కింద రాస్తాను.

ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు ఒక మాట. ఫొటోల వెనకవైపు కూడా తప్పకుండా స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర, పెన్సిల్‌తో రాసిన పేరు, ఒక్కోసారి కిరాణా లెక్క, అన్నీ అక్కడే ఉంటాయి.

ఫిబ్రవరి

నెలంతా తేదీల మీదే గడిచింది. మా కాగితాల్లో నాలుగు రకాల సంవత్సరాలున్నాయి. తెనాలి వైపు రిజిస్ట్రీ కాగితాల మీద ఇంగ్లీషు తేదీలు. ఆ వైపు శిస్తు రసీదుల మీద ఫసలీ (పంటల లెక్కన నడిచే రెవెన్యూ సంవత్సరం). నిజాం రాజ్యంలోని కాగితాల మీద కూడా ఫసలీయే, కానీ ఇద్దరి ఫసలీ ఒకే రోజున మొదలు కాదు. ముత్తాత పద్దుల్లోనేమో ప్రభవాది తెలుగు సంవత్సరాలు.

ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని అందరూ చెప్తారు. అది సగం లెక్కే. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫసలీ జులై 1న మొదలవుతుంది. హైదరాబాద్ సంస్థానంలో ఆజూర్ నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది. కాబట్టి జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తెనాలి వైపు ఒక అంకె, నిజాం ఇలాకాలో ఇంకో అంకె నడిచేవి. మా బైనామా మీద ఉన్నది మెహర్ నెల, 1346 ఫసలీ. ఆజూర్ అక్టోబరులో మొదలయ్యే లెక్కన మెహర్ పదకొండో నెల, అంటే 1937 ఆగస్టు, సెప్టెంబరు. అదే రోజుల్లో తెనాలిలో శిస్తు కట్టి ఉంటే ఆ రసీదు మీద 1347 ఉండేది.

దీన్ని సరిచూడటానికి పద్దు పుస్తకం తీశాను. "ఈశ్వర నామ సంవత్సర శ్రావణం" పేజీలో "పొలం తాలూకు దస్తావేజు ఖర్చు" అని ఉంది. ఈశ్వర అంటే 1937-38, శ్రావణం పడేది ఆగస్టులోనే. రెండూ కలిశాయి. ఆ సాయంత్రం ఎంత ఆనందమేసిందో చెప్పలేను. 1935లో వచ్చామని కొందరు, యుద్ధం మొదలయ్యాక వచ్చామని కొందరు ఇన్నాళ్ళూ వాదించుకుంటున్నారు. రెండూ కావు. మా కుటుంబం ఇక్కడ భూమి కొన్నది 1937 శ్రావణంలో.

ఆ పేజీలో డబ్బుకు రెండు వరసలున్నాయి, ఒకటి "హాలీ", ఒకటి "కల్దారు". హాలీ సిక్కా నిజాం రూపాయి, కల్దారు ఇంగ్లీషు రూపాయి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. తెనాలిలో పొలం అమ్మిన డబ్బు కల్దార్లలో తెచ్చి ఇక్కడ హాలీల్లో కట్టాడు కాబట్టి ముత్తాత ప్రతి పెద్ద ఖర్చునూ రెండు వరసల్లోనూ రాసుకున్నాడు. విస్తీర్ణం కూడా అంతే. అక్కడి సెంట్లు, ఇక్కడి గుంటలు. ఎకరానికి వంద సెంట్లు, నలభై గుంటలు. గుంటకు రెండున్నర సెంట్లు అని పేజీ మూలన చిన్నగా వేసి పెట్టుకున్నాడు. నలభై దాటిన రైతు కొత్త రాజ్యంలో కొత్త లెక్కలు నేర్చుకుంటూ వేసుకున్న ఆ చిన్న లెక్క మీద నేను చాలాసేపు ఆగిపోయాను.

మార్చి

బైనామా చదివించడం. రాసినవాళ్ళది శికస్తా రాత, అక్షరాలు ఒకదానిలోంచి ఒకటి జారిపోతుంటాయి. ఉర్దూ వార్తాపత్రిక చదవగలిగినవాళ్ళందరూ దీన్ని చదవలేరు. బోధన్‌లో ఉర్దూ మాధ్యమంలో పాఠాలు చెప్పి రిటైరైన ఒక మాస్టారు ఒప్పుకున్నారు. డబ్బు తీసుకోలేదు, "కాగజ్ పఢ్‌నేకా షౌక్ హై" (కాగితాలు చదవడమంటే సరదా) అన్నారు. వరస వరసగా ఆయన చదువుతుంటే నేను తెలుగులో రాసుకున్నాను, పక్కన ఫోన్‌లో రికార్డింగ్.

మా ఇంట్లో అందరూ చెప్పే మాట, డెల్టా రైతులకు తడి సేద్యం బాగా వచ్చు కాబట్టి నిజాం ప్రభుత్వమే పిలిచి భూములిచ్చిందని. ఎవరినైనా అలా పిలిచి ఉండవచ్చు. మా కాగితం చెప్పేది వేరు. ఇది ఒక మనిషి దగ్గర ఇంకో మనిషి కొన్న పొలం. అమ్మినవారి పేరు, వారి తండ్రి పేరు, ఊరు ఉన్నాయి. ముప్పై ఎకరాల చిల్లర. తూర్పు హద్దు కాలవ తూము. మిగతా మూడు హద్దుల్లోనూ మూడు పేర్లు, అన్నీ స్థానికమైనవే.

ఆ హద్దుల పేర్లు చూశాక ప్రాజెక్టు కొంచెం మారింది. మేము వచ్చేటప్పటికి ఈ నేల మీద మనుషులున్నారు, పంటలున్నాయి, శిస్తులున్నాయి. మా పుస్తకం మేము రైలు దిగిన రోజుతో మొదలైతే అది సగం పుస్తకమే. అమ్మినవారి కుటుంబాన్ని, పక్క పొలాలవాళ్ళను, మాకు పనిచేసినవాళ్ళను కూడా వంశవృక్షం ఫైలులో చేర్చాలని నిర్ణయించుకున్నాను. కంప్యూటర్లో గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. అందులో బంధువులు కానివారికీ ఖాతా తెరవవచ్చు, ఒక కాగితానికి ఎందరినైనా జోడించవచ్చు.

నిజాంసాగర్ గురించి చదివినవి కూడా ఈ నెలలోనే ఒకచోట పెట్టాను. మంజీర మీద 1923లో పని మొదలై 1931లో పూర్తయింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాం, చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టినరోజు జులై 11ని ఇప్పుడు తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుతున్నారు. 2.75 లక్షల ఎకరాలకు నీళ్ళివ్వాలని లెక్క. బోధన్‌లో శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 1937లో వచ్చింది, సరిగ్గా మా బైనామా సంవత్సరం. పద్దు పుస్తకంలో మూడో ఏడు నుంచి చెరకు ఖర్చులు మొదలవడం చూస్తే ముత్తాత ఫ్యాక్టరీని చూసే ఇటు వచ్చాడనిపిస్తుంది.

ఏప్రిల్, తెనాలి

తెనాలి ఊళ్ళోంచి మూడు కాలవలు పోతాయి. మా పాత పల్లె అక్కడికి దగ్గర. ఇంటిస్థలం ఎప్పుడో చేతులు మారింది, బావి మాత్రం ఉంది. సబ్ రిజిస్ట్రారు కచేరీలో పాత దస్తావేజుల నకళ్ళకు దరఖాస్తు పెట్టాను. అమ్మకం కాగితం దొరికింది. అన్నదమ్ములు నలుగురు పంచుకోగా మిగిలిన మూడెకరాల చిల్లర. 1929 తర్వాత ధాన్యం ధరలు సగానికి సగం పడిపోయిన రోజులు, ఆ మూడెకరాల మీద ఎనిమిది మంది. ఎందుకు కదిలాడన్న ప్రశ్నకు ఇంతకంటే పెద్ద జవాబు అక్కర్లేదు. ఇక్కడ ఎకరం అమ్మితే అక్కడ పదెకరాలు వచ్చేవని అత్తయ్య చెప్తుంది. మా కాగితాల లెక్క కూడా దానికి దగ్గరగానే ఉంది.

ఈ నెలలో అసలు విశేషం పిచ్చిగుంట్లవారు. వీళ్ళు కులాల వంశావళి, గోత్రాలు పాడేవాళ్ళు. ఇప్పుడు వంశరాజ్ అని పిలిపించుకుంటారు. పంటలు ఇళ్ళకు చేరాక వచ్చి, గుమ్మం ముందు నిలబడి తాతముత్తాతల పేర్లు చెప్పి కట్నం తీసుకువెళ్ళేవాళ్ళు. మా ఊరికి మిరాశీ (తరతరాలుగా వచ్చే హక్కు) ఉన్న కుటుంబం ఇంకా ఉందని తెలిసి వెళ్ళి కలిశాను. పెద్దాయనకు ఎనభై దాటి ఉంటాయి. గోత్రం అడిగి, ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని, మొదలుపెట్టాడు. ఏడు తరాలు చెప్పాడు. చివరి నాలుగు తరాల పేర్లు నా దగ్గరున్న కాగితాలతో సరిపోయాయి, ఒక్క అక్షరం తేడా లేదు. మనవడు పక్కన కూర్చుని విన్నాడు. ఆ అబ్బాయికి ఈ విద్య రాదు, గుంటూరులో సెల్‌ఫోన్ల షాపులో చేస్తున్నాడు. తాత గొంతు మొత్తం రికార్డు చేసి ఆ అబ్బాయికి కూడా ఇచ్చాను.

పెద్దాయన చెప్పినదాంట్లో నాకు బొత్తిగా తెలియని సంగతి ఒకటుంది. మేము తెనాలివాళ్ళమూ కాదు. ఏడో తరం మనిషి పల్నాడు వైపు మెట్టలోంచి, "నందన కరువు తర్వాత, కాలవ తవ్వాక" దిగి వచ్చాడట. నందన అంటే 1832-33, గుంటూరు జిల్లాను ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేసిన కరువు. కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది. దీనికి కాగితం ఆధారం లేదు కాబట్టి పుస్తకంలో "చెప్పినవారు పలానా" అని రాసే పెడతాను. అయినా నాకు నమ్మబుద్ధేస్తోంది. 1855 ఆనకట్ట కిందికి ఒకసారి, 1931 ఆనకట్ట కిందికి ఒకసారి, 1953లో నీళ్ళు వదిలిన తుంగభద్ర కిందికి ఒకసారి. నీళ్ళు ఎటు మళ్ళితే అటు నడిచారు.

మే

అత్తయ్య రికార్డింగులు. ఆమెకు ఎనభై ఎనిమిది. పొద్దున కాఫీ తాగాక అరగంట, అంతే, అలిసిపోకముందే ఆపేస్తాను. ఏ సంవత్సరం అని అడిగితే ఇబ్బంది పడుతుంది. "నీకు వోణీ వేశాకా, ముందా?" "చెరకు నరికేటప్పుడా, నాట్లప్పుడా?" అని అడిగితే టకటకా చెప్తుంది. ముసలివాళ్ళతో మాట్లాడేటప్పుడు వాళ్ళ క్యాలెండర్‌లోకి మనమే వెళ్ళాలి.

ఆమె చెప్పిన ప్రయాణం తన అమ్మ నోట విన్నది. అప్పుడు తను చంటిపిల్ల. తెనాలి నుంచి బెజవాడ, అక్కడి నుంచి కాజీపేట మీదుగా సికింద్రాబాద్. అక్కడ మీటర్ గేజీ బండి మారి నిజామాబాద్, ఆపైన ఎడ్లబండి. ఎడ్లను, గేదెను వెనకాల గూడ్సులో వేశారు. రోలు కూడా తెచ్చారు. ఆ రోలు ఇప్పటికీ క్యాంపు ఇంటి పెరట్లో ఉంది, ఫొటో తీశాను.

మొదటి రెండేళ్ళ పద్దులు చదువుతూ ఆమెను అడిగాను. "తుమ్మ కొట్టినవారికి కూలి", "కిరసనాయిలు", "గట్లు వేసినందుకు", మధ్యమధ్యలో "క్వినైను". కాలవ వచ్చిన కొత్తలో నల్లరేగడిలో నీళ్ళు నిలిచి దోమలు, ఇంటింటికీ చలిజ్వరం. ఒక నెలలో "పాపకు మందు" అని అయిదు చోట్ల ఉంది. తర్వాత లేదు. ఇదెవరి గురించని అడిగాను. అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. "నా పైది" అంది. ఫొటో లేదు, ఏ కాగితం మీదా పేరు లేదు, మా వంశవృక్షంలో ఇన్నాళ్ళూ ఆ పిల్ల లేనేలేదు. అత్తయ్య పేరు చెప్పింది, చేర్చాను.

రజాకార్ల కాలం గురించి ఎక్కువసేపు చెప్పింది, అప్పటికి ఆమెకు పదకొండేళ్ళు. ఆడవాళ్ళను, పిల్లలను ముందు తెనాలి పంపేశారు. 1948 ఎండాకాలంలో మగవాళ్ళూ వెళ్ళారు. ఇల్లు, గొడ్లు, నిలబడ్డ చెరకు తోట అన్నీ జీతానికున్న ఒక స్థానిక కుటుంబానికి అప్పగించారు. సెప్టెంబరు 13 నుంచి 17 దాకా పోలీసు చర్య జరిగింది, హైదరాబాద్ భారతదేశంలో కలిసింది. సంక్రాంతికి ముందు మావాళ్ళు తిరిగొచ్చారు.

ఆ సమయం పద్దు పుస్తకంలో ఎలా ఉందో చూశాను. కొన్ని పేజీలు ఖాళీ. తర్వాతి పేజీ మీద మా తాతయ్య చేతిరాత. ఇల్లు చూసుకున్న ఆ స్థానిక కుటుంబ పెద్ద ఒప్పజెప్పిన లెక్క అది: చెరకు తూకాలు, ఫ్యాక్టరీ ఇచ్చిన డబ్బు, గడ్డి అమ్మిన డబ్బు, చచ్చిపోయిన దూడ ఒకటి, కొత్తగా ఈనిన గేదె ఒకటి. ఎవరూ అడిగే దిక్కు లేని రోజుల్లో ఆయన పైసాతో సహా లెక్క పెట్టాడు. చదువు రాదట, గోడ మీద బొగ్గు గీతలతో గుర్తు పెట్టుకున్నాడట. పేజీ కింద తాతయ్య ఒక్క వాక్యం రాశాడు: "ఇతని వల్ల నిలిచాము."

ఇంట్లో ఈ కథను "మేము ప్రాణాలకు తెగించి భూమి కాపాడుకున్నాం" అని చెప్తూ వచ్చారు. కాపాడింది ఆయన. పుస్తకంలో ఆ అధ్యాయం ఆయన పేరుతోనే మొదలవుతుంది, ఆయన కుటుంబం ఒప్పుకుంటే.

జూన్, బోధన్

మాస్టారి సాయంతో పొలం అమ్మినవారి వారసులు దొరికారు. మనవడికి డెబ్బై దాటాయి, బోధన్‌లోనే ఉంటారు. బైనామా కాపీ తీసుకువెళ్ళాను. తాత సంతకం చూసి వేలితో దాని మీద మెల్లగా గీశారు. వాళ్ళింట్లో ఆ అమ్మకం గుర్తుంది. కానీ వేరే వైపు నుంచి. అక్కడ జొన్న, పత్తి వేసేవారట. కాలవ వచ్చాక శిస్తు తరి (మాగాణి) లెక్కకు మారింది. మడులు కట్టడానికి, నేల చదును చేయించడానికి పెట్టుబడి లేదు. పెద్ద కూతురి పెళ్ళి దగ్గర పడింది. "నీళ్ళు వచ్చాయి కాబట్టి అమ్మాల్సి వచ్చింది" అన్నారాయన. ఆ మాట యథాతథంగా రాసుకున్నాను. మా ముత్తాతను తెచ్చిన నీళ్ళే వాళ్ళను పంపించాయి.

మూడు హద్దుల్లో ఒక హద్దు పేరును మాస్టారు, నేను సరిగా పోల్చుకోలేకపోయాం. ఆయన చూడగానే చెప్పారు, అది మనిషి పేరు కాదు, ఎండిపోయిన కుంట పేరు. ఇప్పుడు అక్కడ రైసుమిల్లు ఉంది.

జులై

కాగితాల పని. 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయించాను. తెలంగాణలో భూమి చరిత్ర చూసేవాళ్ళకు ఇది పునాది లాంటి రికార్డు, పట్టా ఎవరిదో, కాస్తులో (సాగులో) ఎవరున్నారో రెండూ ఉంటాయి. దానికి వెనక్కి వెళ్ళాలంటే సేత్వార్ (సర్వే నాటి భూమి రికార్డు), తర్వాతి సంవత్సరాలకు పహాణీలు (ఏటా రాసే సాగు రికార్డు), చౌఫస్లా (కొన్నేళ్ళ వివరాలు ఒకచోట చేర్చిన రికార్డు). పటేల్ పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయినప్పుడు ఎన్నో ఊళ్ళ పాత కట్టలు చేతులు మారి చెల్లాచెదురయ్యాయి. దొరికినది దొరికినట్టు నకలు తీయించుకోవడం మంచిది. ఒక కచేరీలో రికార్డు గది తాళం కోసం చాలాకాలం తిరగాల్సి వచ్చింది, అది ఇక్కడ పెద్దగా రాయను.

చక్కెర ఫ్యాక్టరీ చీటీల కట్ట కూడా వరసలో పెట్టాను. ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడింది. మా నాన్న చివరిసారి చెరకు తోలిన చీటీ అంతకు ముందే ఆగిపోయింది, అప్పటికే వరికి మారాడు. నిజాంసాగర్ కూడా అప్పటిది కాదు. కట్టినప్పుడు 29 టీఎంసీలకు పైగా పట్టేది, పూడిక పేరుకుని బాగా తగ్గింది. తర్వాత ఎత్తు పెంచితే 17.8కి వచ్చింది. పైన సింగూరు కట్టాక మంజీర నీళ్ళలో హైదరాబాద్ తాగునీటి వాటా పెరిగింది. మా నాన్న బోర్లు వేయించింది ఆ తర్వాతే.

ఆగస్టు, సింధనూరు

చిన్నతాతయ్య శాఖ. తుంగభద్ర ఎడమ కాలవ కిందికి 1950ల్లో వెళ్ళాడు. వెళ్ళేటప్పటికి రాయచూరు కూడా హైదరాబాద్ రాష్ట్రమే. 1956 నవంబరు 1న సరిహద్దు మారి మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళింది. ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములు ఇల్లు కదలకుండానే రెండు రాష్ట్రాలవాళ్ళయ్యారు. ఆ కాలవ కింద ఎక్కువ భాగం జొన్న, పత్తి లాంటి ఆరుతడి పంటలకే కేటాయించారు. క్యాంపులవాళ్ళు వరి వేశారు. ఎగువన వరి పెరిగేకొద్దీ దిగువన మాన్వి, రాయచూరు వైపు చివరి పొలాలకు నీళ్ళు అందలేదు. మా బాబాయి దీన్ని దాచకుండా చెప్పాడు, రికార్డు చేయమన్నాడు కూడా.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు క్యాంపంతా నిద్రపోలేదట. నాట్లు పడిన పొలాలు, కళ్ళముందే నీళ్ళన్నీ నదిలోకి. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో వారం రోజుల్లో స్టాప్‌లాగ్ (గేటు చోట నీళ్ళు ఆపే తాత్కాలిక అడ్డు) దింపారు. ఆ వారం గురించి బాబాయి చెప్పింది ఫోన్‌లో అలాగే ఉంచాను, కత్తిరించలేదు. ఆ ఇంటి పిల్లలు కన్నడంలో చదువుకున్నారు. మా చెల్లెలు వాట్సాప్‌లో తెలుగును కన్నడ అక్షరాల్లో రాస్తుంది. వాళ్ళ అధ్యాయాన్ని రెండు లిపుల్లోనూ వేయాలని అనుకుంటున్నాం.

ఇక్కడ అడిగి తెలుసుకున్నది ఇంకొకటి, ఎవరి అస్థికలు ఎక్కడ కలిపారన్నది. ముత్తాతవి రైల్లో తీసుకువెళ్ళి బెజవాడలో కృష్ణలో కలిపారు. చిన్నతాతయ్యవి తుంగభద్రలో. తాతయ్యవి కందకుర్తిలో, మంజీర గోదావరిలో కలిసే చోట. ఎవరు ఎక్కడివారయ్యారో ఏ పట్టా కాగితం కన్నా ఇది స్పష్టంగా చెప్తుంది. పుస్తకంలో ప్రతి తరానికీ ఈ వివరం పెడుతున్నాను.

అక్టోబరు

1948లో మా ఇల్లు కాపాడినాయన మనవడు క్యాంపు పక్క ఊళ్ళోనే ఉంటాడు. పుస్తకంలో వాళ్ళ తాత గురించి రాయడానికి అనుమతి అడగడానికి వెళ్ళాను. తాతయ్య రాసిన పేజీ చదివి వినిపించాను. వాళ్ళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ కవరులో మడిచి పెట్టిన కాగితం తెచ్చాడు.

"గిది జూడు సార్. మీ తాత రాసిచ్చిందే. రెండెకరాలు. పైసలు గూడ ఇచ్చినం. గని పట్టా మా పేరు మీదికి ఎక్కలే. ఆఫీసుల సుట్టు తిరిగి తిరిగి మా నాయిన పాయె."

తెల్లకాగితం మీద రాసిన సాదా బైనామా. 1961. కింద మా తాతయ్య సంతకం, ఇద్దరు సాక్షులు. రిజిస్ట్రీ కాలేదు, అప్పట్లో ఎవరూ చేయించుకునేవారు కాదు. నోటిమాట, తెల్లకాగితం చాలనుకునేవారు. అరవై ఏళ్ళకు పైగా దున్నుకుంటున్నారు, పట్టా మాత్రం ఇంకా మా తాతయ్య పేరనే. దానివల్ల బ్యాంకు అప్పు పుట్టదు, రైతుబంధు (ప్రభుత్వం ఇచ్చిన పంట పెట్టుబడి సాయం) రాలేదు. 2020 అక్టోబరు, నవంబరులో ప్రభుత్వం సాదా బైనామాలకు దరఖాస్తులు తీసుకున్నప్పుడు పెట్టుకున్నారు. తెలంగాణలో భూమి రికార్డుల కొత్త చట్టం భూభారతి వచ్చాక ఆ దరఖాస్తులు మళ్ళీ కదులుతున్నాయి.

క్యాంపుకు తిరిగొచ్చి 1961 పద్దు పుస్తకం తీశాను. ఉంది. ఆయన పేరు, రెండెకరాలు, మూడు విడతల్లో ముట్టిన సొమ్ము, చివర "చెల్లు". తాతయ్య రాతే. ఆ పేజీని పెద్ద సైజులో స్కాన్ చేసి, అన్నయ్యకు, బాబాయికి, అత్తయ్యకు పంపాను. తాతయ్య వారసులందరం అఫిడవిట్ రాసిచ్చి, ఈ పేజీ నకలు జతచేస్తే వాళ్ళ దరఖాస్తుకు బలం వస్తుంది. క్యాంపులో ఇద్దరు ముగ్గురు వెనకాడారు, ఇప్పుడు ఎకరం ధర ఎంతుందో అందరికీ తెలుసు. అత్తయ్యే తేల్చింది. "మా నాన్న చెల్లు అని రాశాక మనమెవరంరా?" అంది. ఆ రోజే మొదటి సంతకం పెట్టింది.

నవంబరు

అట్టతో కలిపి పుస్తకం సుమారు రెండు వందల పేజీలు వచ్చేలా ఉంది. వంశవృక్షం మడిచిపెట్టే పెద్ద కాగితంగా వేరే ముద్రిస్తున్నాం. నిజామాబాద్‌లో ప్రెస్సు మాట్లాడాను. పాత ఫొటోలకు ఆర్ట్ పేపరు, మిగతాదంతా మామూలు కాగితం. స్కాన్లన్నీ రెండు హార్డ్ డిస్కుల్లో, ఒకటి హైదరాబాద్‌లో నా దగ్గర, ఒకటి సింధనూరులో. అసలు కాగితాలు యాసిడ్ లేని కవర్లలో పెట్టి అత్తయ్య గదిలోనే ఉంచాను. ఆమె ఉండగా అవి కదలడానికి వీల్లేదు.

బోధన్ పెద్దాయన తమ కుటుంబం గురించి ఒక పేజీ రాసిస్తానన్నారు. నిన్న పంపారు, ఉర్దూలో, చేత్తో రాసి. మాస్టారు టైపు చేయిస్తున్నారు. అమ్మకం గురించి అందులో ఎక్కువ లేదు, పెళ్ళయిన ఆ పెద్ద మేనత్త గురించే ఎక్కువ రాశారు. మార్చమని అడగను.

అఫిడవిట్ మీద క్యాంపులోవాళ్ళందరి సంతకాలు అయ్యాయి. అన్నయ్యది డల్లాస్ నుంచి నోటరీ చేయించి కొరియర్‌లో వస్తోంది. అది అందగానే 1948లో మా ఇల్లు కాపాడినాయన మనవడిని వెంటబెట్టుకుని తహసీల్ కచేరీకి వెళ్ళాలి. పద్దు పుస్తకం అసలు ప్రతి కూడా తీసుకురమ్మన్నారు. అత్తయ్య ఒప్పుకుంది, కానీ తనే పట్టుకుని వస్తుందట.